చెప్పులు విడిచి నడిపిన కారు

మొన్న వానలు పడకముందు ఖాదర్ భాయ్ మా ఇంటికి వచ్చాడు. నల్లగొండలో ఆయనకు టెంట్ హౌస్ ఉంది. మహబూబ్‌నగర్‌లో ఎవరిదో పెళ్లికి షామియానాలూ కుర్చీలూ దింపించి, పని కాగానే నన్ను చూసి పోదామని మేముండే వీధి వెతుక్కుంటూ వచ్చాడట. గేటు తీశానో లేదో, ఇంకా వాకిట్లో కాలు పెట్టకుండానే బయటే చెప్పులు విడిచేశాడు. మా ఆయన కంగారుపడి, "ఏసుకొనే రాండ్రి భాయ్, బండలు కాలుతున్నయ్" అన్నాడు. ఖాదర్ భాయ్ తన కాళ్ల వైపు తానే చూసుకొని పకపకా నవ్వాడు. "ఏం జెయ్యాలె తమ్మీ, మీ సరితను జూస్తె నాకు వాళ్లవ్వ యాదికొస్తది. అవ్వ యాదికొస్తె చెప్పులు కాళ్లకు నిలువయ్" అన్నాడు. మా ఆయనకు ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి, వెంటనే నవ్వూ వచ్చింది.

టీ తాగుతూ క్లబ్బు సంగతులు చెప్పాడు. ఇప్పుడు హైదరాబాదు అవతల ఎక్కడో పెద్ద మైదానం కిరాయికి తీసుకొని నడుపుతున్నారట. కారు గీత దాటగానే సమయం దానంతటదే తెర మీద పడుతుందట. పిల్లలు హెల్మెట్లు, చేతి తొడుగులు, రేసుల కోసమే కుట్టిన బూట్లతో వస్తున్నారట. "ఒక్కసారొచ్చి కొత్తోళ్లకు నాలుగు మాటలు చెప్పు బేటా, మొదట్ల నువ్వెట్ల నేర్చుకున్నవో" అని అడిగాడు. వస్తానన్నాను. ఆయన వెళ్లిపోయాక కూర్చొని ఏం చెప్పాలా అని ఆలోచిస్తే, కారు సంగతి ఒక్కటీ ముందుగా గుర్తు రాలేదు. ఉడికిన వడ్ల వాసన గుర్తొచ్చింది. తడిసిన గోనెసంచి వాసన గుర్తొచ్చింది. అరికాళ్లు చురుక్కుమన్నాయి.

ఆటోక్రాస్ అంటే చాలామంది కొండలూ గుట్టలూ ఎక్కే రేసు అనుకుంటారు. అంత హంగామా ఏమీ ఉండదు. ఒక చదునైన జాగాలో, రోడ్డు పనుల దగ్గర పెట్టే నారింజ రంగు కోన్లు పెట్టి వంకరటింకర దారి చేస్తారు. ఒకసారికి ఒక్క కారే పోతుంది. పక్కన ఉరికేవాడు ఎవడూ ఉండడు, గడియారంతోనే పోటీ. కోను తాకి పడేస్తే మన సమయానికి శిక్షగా కొన్ని సెకన్లు కలుపుతారు. దారి తప్పితే ఆ పరుగు లెక్కలోకి రాదు. ఇంకో నియమం ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: కారు నడిపేవాళ్లందరూ తమ వంతు కానప్పుడు ఎండలో నిలబడి, వేరేవాళ్లు పడగొట్టిన కోన్లు లేపి పెట్టాలి. ఒక బంతిలో కూర్చొని తిన్నవాళ్లే లేచి తర్వాతి బంతికి వడ్డించినట్టు. కలిసి భోంచేసినవాళ్ల మధ్య ఉండే చనువు మా మధ్య రావడానికి కారణం అదేనేమో అనిపిస్తుంది.

అప్పుడు రాష్ట్రం వచ్చిన కొత్త. నా డిగ్రీ అయిపోయింది. మా ఈడువాళ్లందరం నోటిఫికేషన్ల కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న రోజులవి. నల్లగొండలో ఏ సందులోకి పోయినా కోచింగ్ సెంటర్ల బోర్డులే కనిపించేవి. పొద్దున క్లాసు, మధ్యాహ్నం లైబ్రరీ, సాయంత్రం మళ్లీ క్లాసు. చదివిందే చదివి, ఇంట్లో అమ్మ పప్పు వేసిందా చారు పెట్టిందా కూడా తెలియకుండా తినేదాన్ని. మా బాపు కరెంటు ఆఫీసులో పనిచేసేవాడు. వాళ్ల ఆఫీసరు దగ్గర ఒక పాత మారుతి కొన్నాడు, తెల్లది. దాని మీదనే నాకు డ్రైవింగ్ నేర్పాడు. ఖాదర్ భాయ్ బాపుకు చిన్నప్పటి దోస్తు. ఆయనా, ఒక పళ్ల డాక్టరూ, బ్యాంకులో పనిచేసే ఇద్దరూ, ఇంకొందరూ కలిసి ఫోన్లలో వీడియోలు చూసి చూసి ఒక కారు క్లబ్బు పెట్టుకున్నారు. కోన్లకు కొదవ లేదు, పెళ్లిళ్ల దగ్గర పార్కింగుకు పెట్టేవి ఖాదర్ భాయ్ దగ్గర కుప్పలుగా ఉన్నాయి. జాగాయే లేదు. ఒక ఫంక్షన్ హాలు ముందర నడిపితే దాని ఓనరు తరిమాడు. ఒకనాడు ఆయన మా ఇంట్లో కూర్చొని ఈ గోడు వెళ్లబోసుకుంటుంటే, పుస్తకంలోంచి తలెత్తి, "మా అవ్వ కల్లం ఉంది గద భాయ్" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. పుస్తకం మూయడానికి ఒక సాకు దొరికింది, అంతే.

అవ్వ అంటే బాపు తల్లి. నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో, రోడ్డును ఆనుకొని ఉంటుంది మా ఊరు. అక్కడ మా తాత పెట్టిన చిన్న వడ్ల మిల్లు ఉండేది. చుట్టుపక్కల పెద్ద మిల్లులు వచ్చాక అది మూతపడింది, తర్వాత కొన్నాళ్లకే తాత పోయాడు. మిల్లు వెనక, ఉడకబెట్టిన వడ్లు ఆరబోసే గచ్చు మాత్రం అలాగే మిగిలింది. ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఒకేసారి చేసినా పట్టేంత గచ్చు. సిమెంటుతో పోసినదే అయినా అవ్వకు అది కల్లమే. ఆమె తెల్లారకముందే లేచి ముందు కల్లం ఊడ్చి, ఆ తర్వాతనే ఇల్లు ఊడ్చేది. గింజ పడక ఏండ్లయిన కల్లాన్ని రోజూ ఎందుకు ఊడుస్తావని నేనడిగితే, "మొకం కడుగుడు చుట్టాలొస్తేనేనా?" అనేది. కూలిన గోడల్లోంచి, తుప్పు పట్టిన బాయిలర్‌లోంచి ఉడికిన వడ్ల వాసన ఇంకా వచ్చేది. వాన పడే ముందు మరీ ఎక్కువగా వచ్చేది. అవ్వ ఆ వాసన రాగానే చేస్తున్న పని ఆపి కాసేపు నిలబడేది.

బాపూ, ఖాదర్ భాయూ, నేనూ ముగ్గురం అడగడానికి పోయినప్పుడు అవ్వ తపాలచెక్క వేస్తోంది. బియ్యప్పిండిలో నువ్వులూ పచ్చిమిరపకాయలూ ఉల్లాకూ కలిపి, తపాల లోపల చేత్తో అదిమి, వేలితో చిల్లులు పెట్టి నూనె వదులుతోంది. ఖాదర్ భాయ్ ఎంతో మర్యాదగా అంతా చెప్పాడు. అవ్వ విని, "కార్లు ఉరికిస్తరా? నా కల్లంల? ఎవలను పట్టెతందుకు?" అంది. "ఎవలను గాదమ్మా, ఉత్తగనే" అన్నాడాయన. "ఉత్తగ ఉరుకుడేంది నాయినా, కుక్క తరుముతున్నట్టు!" అని తపాల మీద మూత పెట్టింది. చెక్క కాలుతున్న వాసనకు నా నోట్లో నీళ్లూరుతున్నాయి. చివరికి అవ్వే, "సరే. ఉత్తగుంటె పగుళ్లల్ల గడ్డి మొలుస్తాంది. ఉరుకుండ్రి. గని ఒక్క మాట. అది కల్లం. చెప్పులతోటి కల్లంల అడుగువెట్టద్దు. మీరైనా సరే, కలెక్టరైనా సరే" అంది. ఖాదర్ భాయ్ బతికిపోయాననుకొని తల ఊపాడు. అవ్వ మూత తీసి చూసి, మళ్లీ పెట్టి, "మరి టైర్లో? అవి బండి చెప్పులే గద. ఊరంత తొక్కొస్తయ్. గేటు కాడ తొట్టి ఉన్నది, కడిగి తోలుకరాండ్రి" అంది.

అలా మా క్లబ్బుకు, ఇంకే క్లబ్బుకూ లేని ఆచారం ఒకటి వచ్చింది. మొదటి ఆదివారం పొద్దున్నే ఆరేడు కార్లు గేటు దగ్గర బారులు తీరాయి. ఒకప్పుడు బండి ఎడ్లు తాగిన తొట్టిలోంచి నీళ్లు ముంచి, డాక్టరూ బ్యాంకువాళ్లూ గొంతుక్కూర్చొని టైర్లు తోముతున్నారు. పెద్దమనిషి గనక ఖాదర్ భాయే ముందు పోయాడు. ఏండ్ల తరబడి వడ్లు ఒరిసి ఒరిసి గచ్చు అద్దంలా నున్నబడి ఉంది. పైగా టైర్లు తడి. మొదటి మలుపులోనే కారు అడ్డం తిరిగి, నిలబెట్టిన కోన్ల వరసనంతా ఊడ్చుకుపోయి గోడకు జానెడు దూరంలో ఆగింది. ఆయన స్టీరింగు పట్టుకొని అలాగే కూర్చున్నాడు. కల్లం పక్కనే ఉన్న ఇంటి గడప మీది నుంచి అవ్వ, "కడుగుమన్న గని, తడికాళ్లతోటి ఉరుకుమన్ననా? తుడువుండ్రి!" అని ఒక్క కేక పెట్టింది. ఆనాటి నుంచి కడిగిన టైర్లను గోనెసంచులతో తుడిచి, ఎండలో కాసేపు ఆరనిచ్చిన తర్వాతనే కార్లు లోపలికి వచ్చేవి. రోడ్డు మీద పోయేవాళ్లు మమ్మల్ని చూసి, వీళ్లకు వారం వారం దసరాయే కాబోలు, బండ్లకు పూజ చేసుకుంటున్నారు అనుకునేవాళ్లు.

నా మొదటి పరుగు అంతకంటే అధ్వానం. రెండో మలుపులో ఒక కోను తగిలి పడిపోయింది. నేను ఠక్కున బ్రేకు వేసి, ఇంజను ఆపి, కారు దిగి, వెనక్కి నడిచి, కోను లేపి, దాని జాగాలో దాన్ని పెట్టి, మళ్లీ వచ్చి కారు ఎక్కాను. అందరూ నోరు తెరిచి చూస్తున్నారు. నాకది తప్పని కూడా తోచలేదు. మా వైపు కోతల కాలంలో రోడ్డు సగం వడ్లే ఉంటాయి. రైతులు వడ్లు పోసి చుట్టూ రాళ్లు పెడతారు. రాయికి బండి తగిలితే దిగి, రాయి మళ్లీ పెట్టి, చెదిరిన గింజల్ని చేత్తో లోపలికి నెట్టి పోవాలి. బాపు నాకు క్లచ్చూ గేరూ నేర్పకముందే అది నేర్పాడు. ఖాదర్ భాయ్ పొట్ట పట్టుకొని నవ్వుతూ, "అరె బేటా, అది నిలవెట్టెతందుకు మేమున్నం గద! పడితె పడనియ్యి, నువ్వు పో!" అన్నాడు. సరేనన్నాను గానీ, చాలా ఆదివారాలదాకా కోను తగిలిన చప్పుడుకు నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయేది. చదువుకున్నది మరిచిపోవచ్చుగానీ బాపు నేర్పింది అంత తొందరగా పోదు.

పరుగుకు ముందు దారంతా ఒకసారి నడిచి చూసుకోవడం ఈ ఆటలో రివాజు. అన్ని చోట్లా బూట్లతో నడుస్తారు, మేం వట్టికాళ్లతో నడిచేవాళ్లం. ఎండెక్కితే గచ్చు పెనంలా కాలేది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి, పదింటికల్లా ముగించేవాళ్లం. అలా నడిచి నడిచి ఆ గచ్చు నాకు అరికాళ్లకు తెలిసింది. ఎక్కడ పగులు ఉందో, వాననీళ్లు పోవడానికి ఎటువైపు వాలుగా పోశారో, ఎక్కడ గరుకు, ఎక్కడ నునుపు, అన్నీ. మిల్లు వసారా ముందు ఒక చోట ఉండేది, తవుడు బస్తాలు దించీ దించీ నూనె ఇంకి జారుడుబండలా తయారైంది. దాని మీద కాలు పెడితే మిగతా గచ్చు కంటే చల్లగా ఉండేది. ఒకసారి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు, ఎర్ర బూట్లు వేసుకొని. అవి విప్పనంటే విప్పనన్నాడు. అవ్వ వాదించలేదు, గేటు గొళ్లెం పెట్టి దాని ముందు కూర్చొని బీరకాయలు చెక్కు తీసుకుంటోంది. బీరకాయలు అయిపోయేలోపు ఆయన బూట్లు విప్పాడు. పాపం, పట్నం కాళ్లు, గచ్చు మీద కోడిలా ఎగిరెగిరి నడిచాడు. పోయేటప్పుడు మాత్రం, వట్టికాళ్లతో నడిపితే తెలిసినంత బాగా పెడలు ఎప్పుడూ తెలియలేదని తానే చెప్పాడు.

అవ్వను ఆటలోకి దించింది ఖాదర్ భాయే. అప్పుడే ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. దవాఖానలో ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకొని, ఇనప కుర్చీలో కూర్చొని, చేతికర్ర మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకొని చూస్తూ ఉండేది. "ఉత్తగ కూసుంటె ఎట్లమ్మా, ఆఖరి మలుపు కాడ కోన్లు నువ్వు జూడు" అని ఆయన హాస్యానికన్నాడు. అవ్వ దాన్ని హాస్యంగా తీసుకోలేదు. కుర్చీ ఆ మలుపు దగ్గరికి వేయించుకుంది. కారు పోగానే తీర్పు చెప్పేది. కోన్లకు ఏమీ కాకపోతే "సాఫ్!", ఏమాత్రం తగిలినా "తాకింది!" మా నియమాల ప్రకారం కోను పడితేనో, దాని జాగా నుంచి జరిగితేనో తప్పు. అవ్వ లెక్క వేరు. ఊగినా తప్పే. "పడలేదు గదమ్మా" అని బతిమాలితే, "వడ్లరాసికి కాలు తగిలితె గింజ రాలదా? ఊగుడంటె తాకుడే" అనేది. కొత్త కళ్లు వచ్చాక ఆమెకు చీమ నడిచినా కనిపించేది. ఆమెతో వాదించడం తాతకు దగ్గులు నేర్పినట్టేనని అందరూ ఊరుకున్నారు. కొన్నాళ్లకు మావాళ్లకు ఖాదర్ భాయ్ మెడలో వేసుకొని నొక్కే గడియారం కంటే అవ్వ నోటి మాటే ముఖ్యమైపోయింది. డాక్టరు తన మొదటి సాఫ్ వచ్చినరోజు ఊళ్లో అందరికీ లడ్డూలు పంచాడు.

నాకు మాత్రం ఆ మాట రాలేదు. ఆ ఎర్రబూట్లాయనకు కూడా వచ్చింది, నాకు రాలేదు. వేగంలో అందరికంటే వెనక ఏమీ లేను. అవ్వ కూర్చున్న ఆఖరి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటి తగిలేది, లేదా ఊగేది, లేదా ఊగిందని అవ్వ అనేది. ఒకనాడు కోపం వచ్చి, "నా మీదనే ఎందుకే నీకింత పగ?" అన్నాను. తపాలచెక్క ముక్కలు ఆకుల్లో పెడుతూ, "మనుమరాలికి సాఫ్ అన్న అనుకో, ఇగ రేపటి నుంచి నా మాట ఎవలు నమ్ముతరు? నువ్వు అందరి కంటె ఎక్కువ సాఫ్ ఉండాలె" అంది. ఆ మాటకు నేను అలిగి చెక్క తినలేదు. కాసేపటికి ఆకలేసి రెండు తిన్నాను. నోటిఫికేషన్ రాకపోయినా ఫరవాలేదు, అవ్వ నోటి నుంచి ఒక్క సాఫ్ రావాలి అన్నట్టు తయారయ్యాను. బాపు చూసి, "సర్కారు నౌకరీ కన్న మీ అవ్వ సర్టిఫికెట్టే కష్టమున్నట్టున్నది" అని ఎగతాళి చేసేవాడు.

రెండో ఏడు ఎండాకాలం, యాసంగి కోతలప్పుడు మా చిన్నాయిన ఆ మిల్లు జాగాను ఎరువుల గోదాముకు కిరాయికి మాట్లాడాడు. అందులో తప్పేమీ లేదు, పడావు పడ్డ జాగా. అవ్వ కూడా సరేనంది. సరేనన్నాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని అవ్వ ఇంటి పక్కన ఉండే యాదమ్మ మాకు చెప్పింది. గోదాం అంటే గచ్చు తవ్వి స్తంభాలు వేస్తారు, మీద రేకులు కప్పుతారు. సోమవారం పనివాళ్లు వస్తారు. ఆ ముందురోజు ఆదివారమే మాకు ఆఖరిది. నాకు సాఫ్ రావాలంటే ఆ ఒక్కరోజే ఉంది.

తర్వాత నేను చాలా మైదానాల్లో నడిపాను. ఉద్యోగం వచ్చింది, నా సొంత కారు కొనుక్కున్నాను, ఒకటి రెండు కప్పులు కూడా ఈ ఇంట్లో అలమారలో ఉన్నాయి. ఇప్పుడు నా కాళ్లకు మంచి బూట్లే ఉన్నాయి, ఎవరూ విప్పమనరు. ఇప్పటి మైదానాలు నిజంగానే మంచివి. అంబులెన్సు పక్కనే ఉంటుంది, ఎవరికీ దెబ్బ తగలదు. ఆ రోజుల్లో గోడ పక్కన మేం ఆడిన ఆట తలచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది. అయినా ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ పరుగు కాగానే అందరూ తెర వైపు చూస్తారు. అక్కడ మేం ఒక మనిషి మొహం వైపు చూసేవాళ్లం. ఆ మొహం ఇప్పుడు లేదు. అవ్వ పోయి ఏండ్లయింది. తెర మీద ఎంత మంచి సమయం వచ్చినా, ఒక క్షణం నా తల ఆఖరి మలుపు వైపే తిరుగుతుంది.

ఆ ఆదివారం బాపు కూడా వచ్చాడు, ఆఖరి రోజు గదా చూద్దామని. టైర్లు కడిగాం, తుడిచాం. నడిచి చూసుకున్నాం. నేను హెల్మెట్ పెట్టుకొని మారుతిలో కూర్చొని నా వంతు కోసం చూస్తున్నాను. గాలి ఆగిపోయి ఉక్కగా ఉంది. పడమట నల్లగా మబ్బు లేస్తోంది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, ఒక్క అవ్వ తప్ప. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. అంతలో యాదమ్మ గేటు దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చింది. రోడ్డు అవతల వడ్ల కొనుగోలు కేంద్రం ఉంది, పల్లపు జాగా. కాంటా కాక, లారీలు రాక, అయిదారు కుటుంబాల వడ్లు అక్కడే కుప్పలుగా పడి ఉన్నాయి. యాదమ్మవీ అందులోనే ఉన్నాయి, కౌలుకు చేసిన పొలం పంట. "పెద్దమ్మా, మొగులయితాంది. ఆడ నీళ్లు నిలవడితె నా వడ్లు మొలకలొస్తయ్. జర నీ గచ్చు మీద పోసుకోనియ్యరాదే" అంది. గేటు బయటే నిలబడి అంది. ఆమె కాళ్లకు చెప్పులు కూడా లేవు.

అవ్వ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అడుగుతవేందే, తేండ్రి! కార్లు పక్కకు తీయుండ్రి" అంది. నాకు ఏడుపొచ్చింది. కారు అద్దం దించి, "అవ్వా, నా వంతు ఒక్కటే అవ్వా. ఒక్క నిమిషం. రేపు తవ్వుతరు గద" అన్నాను. అవ్వ నా దగ్గరికి వచ్చింది. నల్లద్దాలు తీసింది. ఆమె మొహంలో కోపం లేదు, నేనింతకు ముందెప్పుడూ చూడని తొందర ఉంది. "బిడ్డా, గింజ వాకిట్లకొచ్చి నిలవడ్డది. దాని ముంగట నీ ఉరుకుడేంది?" అంది. నేను దిగలేదు. స్టీరింగు పట్టుకొని అలాగే కూర్చున్నాను. "దిగకుంటె మానె. కూసున్నదానివి కూసోని ఏం జేస్తవ్? బండి తియ్యి. పోయి యాదమ్మ వడ్లు తే" అంది.

ట్రాక్టరు ఊళ్లో లేదు, ఎవరిదో పొలానికి పోయింది. కార్లే దిక్కు. ఖాదర్ భాయ్ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, మా కార్ల వెనక సీట్లు పీకించాడు. డాక్టరు బస్తాలు మోశాడు. ఆడవాళ్లు సంచుల్లోకి వడ్లు ఎత్తుతుంటే మేం నింపుకొని రోడ్డు దాటించి కల్లంలో దించడం మొదలుపెట్టాం. ఆ పూట అవ్వ టైర్లు కడగమనలేదు. ఒకరి వడ్లు ఇంకొకరి వాటిలో కలవకూడదని అవ్వ ఇంటింటికీ వేరుగా రాసులు పోయించింది. రాసి చుట్టూ మా కోన్లే పెట్టించింది. రాసి రాసికీ మధ్య కారు పట్టేంత సందు. చూస్తుండగానే గచ్చంతా కోన్లూ, మలుపులూ, సందులూ అయిపోయింది. అంతకంటే కష్టమైన దారి మా క్లబ్బులో ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు. అవ్వ కర్ర పట్టుకొని ఆ రాసుల మధ్య తిరుగుతోంది, వంగి గింజ చేతిలోకి తీసుకుంటోంది, కొరికి చూస్తోంది, మళ్లీ వేస్తోంది. ఆమెకు కల్లం తిరిగొచ్చింది. ఒక్క పూట కోసమే అయినా తిరిగొచ్చింది. అది చూశాక నా అలక ఎటు పోయిందో పోయింది.

ఆఖరి బస్తాలు నా కారులోనే వచ్చాయి. ముందు సీట్లో యాదమ్మ కూర్చుంది, ఒడిలో కూడా ఒక సంచి. దుమ్ము లేస్తోంది. చినుకులు అద్దం మీద పడుతున్నాయి. "బిరాన పో బిడ్డా, బిరాన" అంటోంది యాదమ్మ. గేటు దాటి, ఎడమకు తిప్పి, రాసుల మధ్యనుంచి వంకలు తిరుగుతూ పోతున్నాను. ఖాళీ జాగా మిల్లు వసారా కింద మాత్రమే మిగిలింది. దానికి ముందు మలుపులో ఒక పక్క గోడ, ఇంకో పక్క వడ్ల రాసి, దాని ముందు ఒక కోను, ఆ పక్కనే కర్ర పట్టుకొని అవ్వ. తవుడు నూనె ఇంకిన చోటు అదేనని నా అరికాళ్లకు తెలుసు. దానికి ముందే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాను. అయినా చినుకుల తడికి బండి మెల్లగా జారింది, రాసి వైపు. నేను గోడ వైపు తిప్పాను. కర్రుమని చప్పుడు, తలుపు పొడుగునా. కారు వసారా కిందికి పోయి ఆగింది. అద్దంలో వెనక్కి చూశాను. కోను కదలలేదు. దిగి బస్తాలు దించాం. ఖాదర్ భాయ్ మా నీడకని తెచ్చిన తన షామియానా పట్టలన్నీ రాసుల మీద కప్పించాడు. ఆఖరి పట్ట మీద రాయి పెట్టేసరికి వాన దబదబా కురిసింది.

అందరం మిల్లులోకి పరుగెత్తాం. రేకుల మీద వాన హోరు. ఉడికిన వడ్ల వాసనా, పచ్చి వడ్ల వాసనా కలిసిపోయాయి. ఖాదర్ భాయ్ మెడలో గడియారం వేలాడుతోంది, ఆయన దాన్ని నొక్కనే లేదు. బాపు వసారా కింద నిలబడి కారు తలుపు మీద గీత వైపు చూస్తున్నాడు. ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా తెల్ల రంగు లేచిపోయి లోపలి ఇనుము కనిపిస్తోంది. నేను తలదించుకున్నాను. అవ్వ తడిసిన కొంగుతో నల్లద్దాలు తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చింది. "కారు ఎంత గీసుకపోయిందో చూడు అమ్మా" అన్నాడు బాపు. అవ్వ చూడలేదు.

"గోడ నాది. కారు నీది. గింజ యాదమ్మది" అంది. "గింజకు తాకలే."

తర్వాత నా వైపు తిరిగి, "సాఫ్" అంది.

వాన చప్పుడులో నాకు వినబడలేదేమో అనుకుంది. నా చెవి దగ్గరికి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టి, మళ్లీ గట్టిగా అంది.